ఊరేగే నకలు

డబ్బా మూత తీయకముందే వాసన వచ్చేసింది. పెయింటు వాసన కాదు, పెట్రోలు వాసనా కాదు. ముక్కులో తియ్యగా మొదలై గొంతులో చేదుగా దిగుతుంది. ఇది స్టైరీన్. రెండు నిమిషాలు నిలబడితే కళ్లు చెమరుస్తాయి, పావుగంట నిలబడితే అలవాటైపోతుంది. ఇక్కడ పనిచేసేవాళ్లకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఆదివారం పొద్దున ఏడున్నర. మీరు హైదరాబాద్ శివారు సుల్తాన్‌పూర్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి పక్కన ఒక రేకుల షెడ్డులో ఉన్నారు. టూవీలర్‌ను ఔటర్ ఎక్కనివ్వరు కాబట్టి బీరంగూడ, అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట మీదుగా వచ్చారు. గట్టు మీద 158 కిలోమీటర్ల ఔటర్ సాగిపోతోంది. ఇది నాలుగో నంబరు ఎగ్జిట్. కార్లు గంటకు 120 దాకా పోవచ్చు. ఆదివారం పొద్దున్నే ఈ రోడ్డు ఖాళీగా ఉంటుందని ఖరీదైన కార్లవాళ్లందరికీ తెలుసు. ఇందాక టీ తాగుతుంటే పైనుంచి ఒక గర్జన వినిపించింది. తల ఎత్తేలోపే దుండిగల్ వైపు వెళ్లిపోయింది. కారు కనపడలేదు, చప్పుడు మాత్రం ఇంకా చెవిలో ఉంది.

షెడ్డుకు బోర్డు లేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఇలాంటివి ఎన్నో. ఫైబర్ పని. మందుల ఫ్యాక్టరీల్లో యాసిడ్ ఆవిరిని కడిగే స్క్రబ్బర్లు, వాటి మూతలు, పొగగొట్టాలు, ట్యాంకులు ఇలాంటిచోటే పుడతాయి. యాసిడ్ తగిలితే ఇనుము తుప్పుపడుతుంది, ఫైబర్ చాలావరకు తట్టుకుంటుంది. ఒక మూల బస్సు ముందు భాగం బోర్లా పడి ఉంది. ఇంకో మూల పిల్లల పార్కు కోసం చేసిన ఏనుగు, ఇంకా రంగు వేయలేదు, తెల్లగా నిలబడి ఉంది.

నేల మీద మౌల్డ్ వెల్లకిలా పడి ఉంది. పెద్ద స్క్రబ్బర్ మూతకు చేసిన అచ్చు. పడవలా లోతుగా, లోపల అద్దంలా మెరుస్తోంది. నిన్నంతా దానికి మైనం పట్టించారు. పట్టించడం, ఆరనివ్వడం, గుడ్డతో తుడవడం, మళ్లీ పట్టించడం. ఒక్కచోట మైనం తప్పినా సరుకు అచ్చును వదలదు. ఆపైన జెల్‌కోట్ వేశారు. అది అరమిల్లీమీటరు మందం కూడా ఉండదు గాని రేపు బయటకు కనపడే నునుపంతా దానిదే. మౌల్డ్‌లో పనంతా తలకిందులు. పై తొక్క ముందు పుడుతుంది, ఎముక తర్వాత.

మేస్త్రీ రెజిన్ డబ్బా ముందు కూచుని హార్డ్‌నర్ కొలుస్తున్నాడు. కోబాల్టు ముందే కలిసిన రెజిన్ కాస్త ఊదారంగు తిరిగింది. హార్డ్‌నర్ మాత్రం నీళ్లలా ఉంది. నూటికి ఒకటో రెండో పాళ్లు. ఎండాకాలమైతే తగ్గించాలి, చలికాలమైతే పెంచాలి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఖాళీ కోబాల్టు మగ్గు అందుకుని హార్డ్‌నర్ క్యాను వైపు వంగాడు.

"అరే తమ్మీ! గా మగ్గు గిందులో పెట్టకు!"

కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోబాల్టు, హార్డ్‌నర్ నేరుగా కలిశాయా, భగ్గుమంటాయి. రెజిన్‌లో విడివిడిగా కలిస్తే మాత్రం బుద్ధిగా పనిచేస్తాయి. ఈ పనిలో కొత్తవాడికి మొదట నేర్పే పాఠం ఇదే.

మ్యాట్ పరిచారు. గాజు దారాలను చిన్నచిన్న ముక్కలు చేసి అన్ని దిక్కులకూ చల్లి నొక్కిన తెల్లటి పరుపు అది. బ్రష్షుతో రెజిన్ పోయగానే తెలుపు మాయమై, తడిసిన బియ్యపు కాగితంలా పారదర్శకమైంది. ఎక్కడ తెల్లగా మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. మేస్త్రీ పళ్ల రోలర్ అందుకుని కిర్రుకిర్రుమంటూ మధ్య నుంచి అంచులకు తోలుతున్నాడు. ఒక్కో బుడగా అంచు దాకా పారి చచ్చిపోతోంది. ఒక పొర, రెండో పొర. కాసేపటికి అచ్చు పక్కన చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. మంట లేదు, పొయ్యి లేదు. గట్టిపడుతూ తనంతట తానే కాగుతోంది.

నిన్న ఆరిన ఇంకో మూతను మేస్త్రీ వేలి కణుపుతో కొడుతున్నాడు. టక్, టక్, టక్... టప్. ఆగాడు. టప్ అన్నచోట సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. పొరల మధ్య గాలి ఉండిపోయింది. అక్కడ కోసి మళ్లీ పొయ్యాలి. కంటికి కనపడని తప్పు చెవికి దొరికింది. ఈ చప్పుడు గుర్తుపెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

ఈ షెడ్డులో స్పోర్ట్స్ కారేమీ లేదు, స్క్రబ్బర్ మూత మాత్రమే ఉంది. కానీ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా నకలు చేసిన స్పోర్ట్స్ కారు పుట్టేది కూడా ఈ మైనంతోనే, ఈ మ్యాట్‌తోనే, ఈ రోలర్‌తోనే. దాని పేరు కోబ్రా. అసలైన కోబ్రా ఒకటి దొరికితే దానికి మైనం పట్టించి పైన జెల్‌కోట్, మ్యాట్ వేసి ఊడదీస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చులో మళ్లీ ఇదే పని చేస్తే కారు ఒళ్లు వస్తుంది. అసలు కారు దొరకనివాడు నకలు నుంచి అచ్చు తీస్తాడు. ఇంకొకడు ఆ నకలు నకలు నుంచి తీస్తాడు. పాలిస్టర్ రెజిన్ ఆరేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు ఒక్కో తరానికీ ఒక గీత మొద్దుబారుతుంది, ఒక వంపు వాలిపోతుంది. తెలిసినవాడు మడ్‌గార్డ్ మీద ఎండ పడే తీరు చూసి ఇది ఎన్నో తరం నకలో చెప్పేస్తాడు.

అయితే అసలు కారు ఎంత అసలుదో కూడా చూడాలి. అందుకు ఈ రేకుల షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు వెళ్దాం.

1962 ఫిబ్రవరి. కాలిఫోర్నియాలో సాంటా ఫే స్ప్రింగ్స్. డీన్ మూన్ అనే ఆయన వర్క్‌షాపు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన చిన్న అల్యూమినియం కారు మధ్యలో నిలబడి ఉంది. ముక్కు గుండ్రం, నడుము సన్నం, చక్రాల మీద కండలు. బానెట్ కింద బోసిగా ఉంది, ఇంజిన్ లేదు. పక్కనే గొలుసుకు వేలాడుతోంది ఫోర్డ్ వాళ్ల కొత్త వి-8, 260 క్యూబిక్ అంగుళాలది. ఎనిమిది గంటలు తిరక్కముందే ఇంజిన్ లోపల కూచుంది, కారు రోడ్డెక్కింది. నడిపినవాడు క్యారల్ షెల్బీ, టెక్సస్ మనిషి. కోళ్లు పెంచి నష్టపోయి, పందాల్లోకి దిగి, 1959లో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్‌లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచినవాడు. గుండెజబ్బు బయటపడ్డాక కూడా నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకుని పందాలు నడిపాడు. 1960తో ఆపేశాడు. నడపడం ఆగింది గాని కార్ల పిచ్చి ఆగలేదు.

మీరు టీ తాగినచోటు నుంచి కాస్త ముందుకు వెళ్తే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కు వస్తుంది. 2017లో శంకుస్థాపన జరిగింది. మూసుకుపోయిన గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు అక్కడ తయారవుతాయి. షెల్బీ పందాలు నడిపిన కాలానికి అలాంటివి లేవు. 1990లో ఆయనకు ఏకంగా గుండెనే మార్చారు. ఇంకొకరి గుండెతో మరో 22 ఏళ్లు బతికి, 2012లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఇంగ్లండ్ ఒంట్లో అమెరికా గుండె పెట్టి పేరు తెచ్చుకున్నవాడి ఒంట్లో, చివరికి వేరొకరి గుండె కొట్టుకుంది.

మూన్ షెడ్డులో నిలబడ్డ ఆ కారు ఒళ్లు ఎవరిది? ఏసీ కార్స్‌ది. లండన్ పొలిమేరలో థేమ్స్ డిటన్ అనే చోట ఉన్న పాత కంపెనీ. సరుకు మోసే మూడు చక్రాల బండ్లతో మొదలైంది, ఆ ఆటో క్యారియర్ నుంచే ఏసీ అన్న పేరు. 1953లో ఏస్ అనే రెండు సీట్ల కారు తెచ్చింది. జాన్ టొజేరో గీసుకున్న చట్రం, ఆయన పందెం కారు మీది ఒళ్లు. ఆ ఒళ్లు ఎక్కడిదంటే మిలాన్‌లో టూరింగ్ కంపెనీ ఫెరారీకి చేసిన 166 బార్కెట్టాను చూసి దిద్దినది. తర్వాత ఏస్‌లో పెట్టిన బ్రిస్టల్ ఇంజినుదీ అదే కథ. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ నుంచి బీఎండబ్ల్యూ 328 నమూనాలు ఇంగ్లండ్ చేరాయి. బ్రిస్టల్ ఇంజిన్ వాటి నుంచి పుట్టిందే. ఇటలీ ముఖం, జర్మనీ గుండె, ఇంగ్లండ్ కమ్మరం. 1961లో బ్రిస్టల్ ఆ ఇంజిన్ చేయడం ఆపేస్తే ఏసీ వాళ్లకు దిక్కుతోచలేదు. సరిగ్గా అప్పుడు షెల్బీ ఉత్తరం వచ్చింది: మీ ఒళ్లు ఇవ్వండి, అమెరికా వి-8 పెట్టుకుంటాను అని.

అంటే ప్రపంచమంతా నకలు చేస్తున్న కారు పుట్టుకలోనే నకలు ఉంది. ఆపైన షెల్బీ చేసిన చిలిపి పని ఇంకోటి ఉంది. చేతిలో ఉన్నది ఒకే ఒక్క కారు, నంబరు సీఎస్ఎక్స్ 2000. పత్రికలవాళ్లు ఒక్కొక్కరే నడిపి చూడ్డానికి వస్తారు. ఒకరు వచ్చి వెళ్లగానే కారుకు రంగు మార్పించేవాడు. ఒక పత్రికలో ఒక రంగు కోబ్రా, ఇంకో పత్రికలో ఇంకో రంగు కోబ్రా. చదివినవాళ్లు ఓహో, ఫ్యాక్టరీలో కార్లు బారులు తీరాయన్నమాట అనుకున్నారు. కోబ్రాకు తొలి నకళ్లు చేసినవాడు షెల్బీయే, అదీ ఒక డబ్బా పెయింటుతో.

1967 దాకా వచ్చిన అసలు కోబ్రాలు అన్నీ కలిపితే దాదాపు వెయ్యి. ఫెరారీని ఓడించాలన్న పంతంతో అదే చట్రం మీద పీటర్ బ్రాక్ గీసిన డేటోనా కూపేలు ఆరే ఆరు. 1965లో ఇవి ఫెరారీ చేతిలోంచి జీటీ తరగతి ప్రపంచ టైటిల్‌ను లాక్కున్నాయి. ఏ ఫెరారీ ముఖం చూసి దిద్దారో ఆ ఫెరారీనే ఓడించారు.

వెయ్యి కార్లు ప్రపంచానికి ఏ మూలకు? కావాలన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. షెల్బీ చనిపోయేదాకా అమ్మకుండా ఉంచుకున్న ఆ సీఎస్ఎక్స్ 2000ను 2016 ఆగస్టులో మాంటరీలో వేలం వేస్తే కోటీ 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన 90 కోట్ల రూపాయల పైమాట. అంత ధర పలికిన కారును ఎవరు రోడ్డు మీదికి తీస్తారు? వాన పడితే భయం, గులకరాయి ఎగిరితే భయం. చల్లటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవలసిందే.

ఇక్కడొకసారి మీరు వచ్చిన దారి వైపు తిరిగి చూడండి. బీరంగూడ గుట్ట. పైన భ్రమరాంబా మల్లికార్జున స్వామి గుడి. మామూలుగా గుడిలో మూలవిరాట్టు గర్భగుడి దాటదు. జాతర నాడు పల్లకిలో కూచుని వీధి తిరిగేది ఉత్సవమూర్తి. ఎండా వానా దానికే, దుమ్మూ డప్పూ దానికే. గుట్ట ఎక్కలేని ముసలమ్మ ఇంటి గడప దాకా వచ్చేదీ అదే. ఆ ముసలమ్మను "నువ్వు దండం పెట్టింది డూప్లికేటుకే కదా" అని అడిగేవాడు ఊళ్లో ఒక్కడుండడు. ఎందుకంటే ఉత్సవమూర్తి తాను మూలవిరాట్టునని ఎప్పుడూ చెప్పుకోలేదు. పని వేరు, చోటు వేరు. ఇద్దరి మధ్య తగువు లేదు.

ఫైబర్ కోబ్రా పని కూడా ఇదే. అసలుది దుప్పటి కింద పడుకుంటే ఇది రోడ్డు మీద పొగ వదులుతుంది. మరి తగువెందుకొచ్చింది? కోర్టుల దాకా ఎందుకు పోయింది?

పోయింది, రెండు రకాలుగా తేలింది. ఫెరారీ డేటోనా స్పైడర్, టెస్టరోసాల ఆకారంలో ఫైబర్ కిట్లు అమ్మినవాడి మీద ఫెరారీ కేసు వేస్తే, 1991లో అమెరికా అప్పీలు కోర్టు ఫెరారీ వైపే నిలిచింది. ఆకారం కూడా పేరులాంటిదే, చూడగానే ఫెరారీ అనిపిస్తుంది కాబట్టి వాడుకోకూడదంది. కోబ్రా ఆకారం కోసం సూపర్‌ఫార్మెన్స్ అనే కంపెనీ మీద షెల్బీ కేసు వేస్తే మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు 2002లో ఇంకోలా తేల్చింది. ఇంతకాలం ఇంతమంది ఇన్ని నకళ్లు చేశాక, ఆ ఆకారం చూసి జనం ఒక్క కంపెనీనే తలుచుకుంటారని చెప్పలేమంది. ఊరంతా పాడుకున్న పాట ఊరిదైపోయినట్టు. చివరికి ఆ సూపర్‌ఫార్మెన్సే షెల్బీ దగ్గర లైసెన్సు తీసుకుంది. నకలు చేసేవాడు బంధువైపోయాడు.

కాబట్టి తప్పు అచ్చులో లేదు. నంబరు పలకలో ఉంటుంది. ఛాసిస్ మీద సొంత నంబరు కొట్టుకుని "నేను నకలును" అని నిలబడ్డ కారు ఉత్సవమూర్తి. పాత నంబరు తగిలించుకుని వేలానికి వచ్చిన కారు దొంగ బాబా. మధ్యలో కంపెనీలే చేసుకునే నకళ్లు ఇంకో రకం. 1957 ఫిబ్రవరి 12న బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో తొమ్మిది జాగ్వార్ ఎక్స్‌కేఎస్ఎస్‌లు కాలిపోయాయి. దాదాపు 60 ఏళ్ల తర్వాత ఆ తొమ్మిదినీ జాగ్వారే మళ్లీ చేసి అమ్మింది. అప్పటికి జాగ్వార్ మన టాటా మోటార్స్ చేతిలో ఉంది. కాలిన ఇంటికి మళ్లీ గోడలు లేపుకున్నట్టు. అది అసలా, నకలా? ఎవరికి తోచింది వాళ్లు అంటారు.

పొద్దున పోసిన మూత గట్టిపడింది. షెడ్డులో ఇప్పుడు ఊడదీసే పని మొదలైంది. మూత అంచుల్లో చెక్క మేకులు దిగేశారు. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడుతున్నారు. ఫట్‌మని చిన్న చప్పుడు. ఒకచోట గాలి దూరింది. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు పట్టి లేపారు. మూత అచ్చును వదిలి లేచింది. మేస్త్రీ ముందు మూతను చూడలేదు, వంగి అచ్చును తడిమి చూశాడు. అచ్చు బాగుంటే ఇంకో వంద మూతలు వస్తాయి. మూత ఒక్కటి పాడైతే పోయేది ఒక్క మూతే.

"కారు చేస్తారా?" అని అడగాలనిపించి అడిగారు.

"అచ్చు తెస్తే ఏదైనా చేస్తం సార్. గుర్రమైనా చేస్తం, కారైనా చేస్తం. కింద ఇంజిను మీరు చూసుకోవాలె."

ప్రపంచంలో నకలు కార్ల పరిశ్రమ మొత్తం ఆ ఒక్క జవాబులో ఉంది. ఒళ్లు ఒకడిది, ఇంజిన్ ఒకడిది, బిగించుకునే ఓపిక కొన్నవాడిది. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా అమ్మినప్పుడు జనం ఎగబడ్డారు. ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది మరి. 1973లో ఆ కారు హక్కులు కేటరమ్ కంపెనీకి పోయాయి, అక్కడ ఇంకా పుడుతూనే ఉంది. మన దేశంలో అలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ అదే తరహాలో ఫైబర్ ఒంటితో, ఇసుజు ఇంజిన్‌తో రోడ్‌స్టర్ చేసింది. ఫైబర్ ఒళ్లు చవక పని అనుకునేవాళ్లకు ఒక మాట: అమెరికా గర్వంగా చెప్పుకునే కార్వెట్ 1953లో పుట్టిందే ఫైబర్ ఒంటితో. ఆ ఏడు చేసినవి మూడొందలు.

రేకు పనివాళ్లూ లేకపోలేదు. పోలండ్‌లో మియెలెత్స్ అనే ఊళ్లో సోవియట్ కాలంలో మిగ్ యుద్ధవిమానాలు చేసిన ఫ్యాక్టరీ ఉండేది. కాలం మారి విమానాల పని తగ్గింది. అల్యూమినియం రేకును చేత్తో వంచే మొనగాళ్ల చేతుల్లో పని లేకుండా పోయింది. 1990లలో కిర్కమ్ అనే అమెరికన్ అక్కడికి వెళ్లి కోబ్రా ఒళ్లు చేయించడం మొదలుపెట్టాడు. యుద్ధవిమానం రెక్క వంచిన సుత్తి కారు మడ్‌గార్డ్ వంచింది. రేకుకు తేడా తెలియదు, చేతికీ తెలియదు.

ఇది ఎక్కడో పోలండ్ కథలా అనిపిస్తోందా? మీరు నిలబడ్డ సంగారెడ్డి జిల్లాలోనే కంది మండలం ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది. సోవియట్ బీఎంపీ-2 సైనిక వాహనాన్ని లైసెన్సుతో తయారుచేసి 'సారథ్' అని పేరు పెట్టుకుంది. జహీరాబాద్‌లో 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ లారీలు చేసింది. ఫ్రిజ్‌లు, బస్సు ఒళ్లు, గడియారాలు, స్కూటర్లు చేసిన ఆల్విన్. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. మహీంద్రా బండ్ల తయారీలోకి దిగిందే 1947లో విల్లిస్ జీపులు బిగించి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంబాసిడరై 2014 దాకా బతికింది. ఫియట్ 1100 పద్మిని అయింది. ఇంగ్లండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మూతపడిపోయాక, మద్రాసులో 1955 నుంచి పుడుతున్న బుల్లెట్ ఆ వంశానికి పెద్దదిక్కయింది. అంబాసిడర్‌ను మనం ఏనాడైనా నకలు అన్నామా? తాత కారు అన్నాం, గవర్నమెంటు కారు అన్నాం, ఎమ్మెల్యే కారు అన్నాం. వాడగా వాడగా నకలు సొంతమైంది.

సొంతం కావాలంటే ముందు రోడ్డెక్కాలి. అక్కడే చిక్కు. షెడ్డులో పుట్టిన నకలు కారును సంగారెడ్డి ఆర్టీఏ ఆఫీసుకు తోలుకెళ్లి టీజీ 15 నంబరు అడిగితే మొదటి ప్రశ్న "కంపెనీ ఏది?" అనే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పాత కార్లకు మాత్రం 2021లో దారి తెరిచారు. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఒళ్లు, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే 20 వేల రూపాయలు కట్టి నంబరులో 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. మూలవిరాట్టుకు పాసుపుస్తకం ఉంది, ఉత్సవమూర్తికి లేదు. అమెరికా 2015లో నకలుకు కూడా చిన్న కిటికీ తెరిచింది. చిన్న కంపెనీ ఏడాదికి 325 దాకా పాత కార్ల నకళ్లు అమ్ముకోవచ్చని చట్టం చేసింది. మన దగ్గర అలాంటి కిటికీ లేదు. రోడ్డు భద్రత అనే మాట కొట్టిపారేసేది కాదు. ఈ ఫైబర్ ఒళ్లు ఏ గోడకూ గుద్ది పరీక్షించినవి కావు.

అందుకే మన నకళ్లు రోడ్డు వదిలి వేరేచోట్లకు చేరాయి. హైదరాబాద్‌లో జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కన్యాబోయిన సుధాకర్ చేతులారా చేసిన కార్లు 2010 నుంచి టికెట్టు కొని చూడొచ్చు. వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు, చెప్పు కారు. 2005లో 41 అడుగుల ఏడంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్‌తో ఆయన గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. పిల్లలు ముక్కు అద్దానికి ఆనించి చూస్తారు. అక్కడి కార్లు నడుస్తాయి, కాని ఊరు తిరగవు.

ఊరు తిరిగే నకలు ఇంకోటి ఉంది. దాన్ని చూడ్డానికి సాయంత్రం దాకా ఆగాలి.

ఏడు గంటలు. తిరుగు దారిలో అమీన్‌పూర్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు బ్యాండు, తాషా, తల మీద గొట్టం లైట్లు మోసే ఆడవాళ్లు. వాళ్ల వెనక పూలతో కప్పేసిన పైకప్పు లేని కారు. పొడవాటి బానెట్, రెండు పెద్ద గుండ్రటి దీపాలు, వంపు తిరిగిన మడ్‌గార్డులు, పక్కన స్పేర్ చక్రం. పెళ్లికొడుకు తలపాగా సర్దుకుంటూ వెనక సీట్లో నిలబడి ఉన్నాడు. పిల్లలు ఫుట్‌బోర్డు మీద. ముసలాయన ఒకరు మనవడికి చెబుతున్నారు: "నిజాం నవాబు కారు రా గిది."

బండి స్టాండ్ వేసి మీరూ దగ్గరికి వెళ్లారు. ఎవరూ వద్దనలేదు, బారాత్‌లో ఎవరైనా బంధువే. స్టీరింగ్ చూశారు, పాత జీపుది. గేరు రాడ్డు కూడా అదే. డ్రైవరు గేరు మారిస్తే కింద నుంచి జీపు మూలిగింది. ముందు చూస్తే రోల్స్ రాయిస్, కింద వింటే మహీంద్రా. పైన ఫైబర్. ఏ షెడ్డులో పోశారో, ఏ మేస్త్రీ రోలర్ తోలాడో.

తాషా ఆగింది. కొత్త పాట కోసం బ్యాండువాళ్లు ఊపిరి తీసుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో మీ వేలి కణుపు దానంతట అదే మడ్‌గార్డ్ మీదికి వెళ్లింది. బంతిపూల దండను పక్కకు జరిపి కొట్టారు.

టక్. టక్. టక్.

ఎక్కడా టప్ అనలేదు. గాలి లేకుండా పోశాడు, ఎవడో గాని.

తాషా మళ్లీ అందుకుంది. కారు కదిలింది. మనవడు తాత చెయ్యి వదిలించుకుని ఫుట్‌బోర్డు మీదికి ఎగిరాడు.